సీడ్ ఫండ్ అడిగే ముందు: తిరుపతి, చిత్తూరు నుంచి స్టార్టప్ పెట్టేవాళ్లు ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి

మా కంపెనీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ మీదున్న తేదీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మిత్రుడితో కలిసి పాల శీతలీకరణ కేంద్రాలకు ఒక చిన్న అలారం పరికరం తయారు చేయాలనుకున్నప్పుడు మేం చేసిన మొదటి పని కంపెనీ పెట్టడం. "ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోండి, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి" అన్నాడు ఒక కన్సల్టెంట్. చేయించుకున్నాం. పరికరం ఒక కొలిక్కి వచ్చి, పాలకేంద్రంలో నిలబడి పనిచేసి, మేం ధైర్యంగా కొత్త కంపెనీలకు కేంద్రం తొలి పెట్టుబడి ఇచ్చే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ దరఖాస్తు తెరిచేసరికి కంపెనీకి రెండేళ్లు నిండి ఇంకో ఇరవై మూడు రోజులు అయిపోయాయి. రెండేళ్లు దాటిన కంపెనీకి ఆ పథకం వర్తించదు. ఎవరిని బతిమాలినా తేదీ మారదు కదా.

తర్వాత వేరే పథకం కింద ప్రోటోటైప్ (నమూనా పరికరం) చేయడానికి గ్రాంట్, అంటే తిరిగి కట్టనక్కర్లేని డబ్బు, తెచ్చుకున్నాం, పని ఆగలేదు. అయినా ఆ ఇరవై మూడు రోజుల బాధ పోలేదు. అప్పటినుంచి తెలిసినవాళ్లు ఎవరు అడిగినా పక్కన కూర్చుని వాళ్ల దరఖాస్తులు చూస్తున్నాను. ఐడియా బాగాలేక వెనక్కి వచ్చినవి తక్కువ. మూడో పని మొదట చేసేసి, మొదటి పని మరిచిపోయి పోగొట్టుకున్నవే ఎక్కువ. అందుకని ఇక్కడ వరుస గురించే ఎక్కువ చెబుతాను.

మీకు కావలసింది ఏ డబ్బు?

బ్యాంకు లోను, సబ్సిడీ, సీడ్ ఫండ్ మూడూ ఒకటే అనుకుని తిరిగేవాళ్లు చాలామంది. ఈ ఒక్క సంగతి తేల్చుకుంటే మీకు ఆరు నెలలు మిగులుతాయి.

మన జిల్లాల్లో అందరికీ తెలిసిన మామిడి గుజ్జు ఉదాహరణ తీసుకుందాం. తోతాపురి గుజ్జు తీసి, సీసాల్లో నింపి, మంచి లేబుల్ వేసి అమ్ముతారు అనుకోండి. అది మంచి వ్యాపారమే, కానీ సీడ్ ఫండ్ పని కాదు. దానికి పీఎంఎఫ్‌ఎంఈ పథకం ఉంది: చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ. లేదంటే కొత్తగా చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్లకు పీఎంఈజీపీ పథకం ఉంది: తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు వరకు, సేవల యూనిట్‌కి 20 లక్షల వరకు. ఈ రెండింట్లోనూ బ్యాంకు లోను, దానికి తోడు సబ్సిడీ. వీటికి మీ జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి.

అదే మామిడికాయ ఎంత పండిందో కెమెరాతో చూసి వేరు చేసే యంత్రం మీరు తయారు చేస్తున్నారనుకోండి. అది పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. బ్యాంకు మేనేజరు దానికి లోను ఇవ్వడు, ఇవ్వకపోవడం ఆయన తప్పు కాదు. అక్కడ కావలసింది సీడ్ ఫండ్. పని అవుతుందో లేదో తేల్చుకోవడానికి ప్రభుత్వం పెట్టే విత్తనపు డబ్బు అది. శ్రీకాళహస్తి కలంకారీ చీరలు వెబ్‌సైట్‌లో అమ్మడానికి ఇది రాదు, ఎందుకంటే అక్కడ టెక్నాలజీ మీది కాదు, దుకాణం మాత్రమే మీది. "మా వస్తువులోంచి టెక్నాలజీని తీసేస్తే ఇంకేం మిగులుతుంది?" అని మిమ్మల్ని మీరే అడగండి. వ్యాపారం అలాగే మిగిలితే మీ దారి లోను. ఏమీ మిగలకపోతే చదవడం కొనసాగించండి.

కంపెనీ పెట్టకముందే చేయవలసిన పని

మీ వస్తువును వాడేవాడి దగ్గరకు వెళ్లండి. సర్వే ఫారాలు పట్టుకుని కాదు, పనికొచ్చినా రాకపోయినా ఏదో ఒక వస్తువు చేతిలో పట్టుకుని.

మా మొదటి పరికరం ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు. లోపల రెండు వేల రూపాయలు కూడా కాని బోర్డు, ఒక ఉష్ణోగ్రత సెన్సర్, ఒక సిమ్. చిత్తూరు పక్క పల్లెలో పాలకేంద్రంలో పెట్టాం. సాయంత్రం పాలు పోసుకున్నాక కూలర్ 4 డిగ్రీలకు దించాలి, రాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోతే తెల్లారేసరికి ట్యాంకు మొత్తం పులిసిపోతుంది. మా పెట్టె వేడి పెరగగానే మెసేజ్ పంపేది. మాకు గొప్పగా అనిపించింది. వారం తర్వాత వెళితే ఆ కేంద్రం చూసుకునే ఆయన ఫోన్ తీసి చూపించాడు. మెసేజ్‌లు అన్నీ వచ్చాయి, ఒక్కటీ తెరవలేదు. "అర్ధరాత్రి మెసేజ్ పెడితే నేనెక్కడ చూస్తానప్పా. ఫోన్ మోగల్ల" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి మా పరికరం కాల్ చేయడం మొదలుపెట్టింది. ఆయన ఎత్తకపోతే రెండో నంబరుకు, అక్కడా ఎత్తకపోతే మూడో నంబరుకు. తర్వాత గ్రాంట్ కమిటీ ముందు మేం చెప్పినవాటిలో వాళ్లు కుర్చీలో ముందుకు వంగి విన్నది ఈ మాటే. మార్కెట్ ఎన్ని వేల కోట్లు అన్న స్లైడు మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

కాబట్టి ఈ దశలో ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఎవరి దగ్గరకు ఏ తేదీన వెళ్లారు, ఏమన్నారు, దాని వల్ల ఏం మార్చారు అనేవి రాయండి. ఫొటోలు తీయండి. వాడినవాళ్లతో లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాయించుకోండి. లెటర్‌హెడ్ లేకపోతే తెల్లకాగితం మీద సంతకం, స్టాంపు చాలు. మీ దరఖాస్తులో అసలు బలం ఇదే. దీన్ని తర్వాత డబ్బు పెట్టి కొనుక్కోలేరు.

ఈ దశకే ఖర్చులు కావాలంటే కంపెనీ లేకుండా కూడా కొన్ని దారులు ఉన్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వారి నిధి ప్రయాస్ పథకం కింద ప్రోటోటైప్ చేయడానికి గరిష్ఠంగా 10 లక్షల వరకు గ్రాంట్ ఇస్తారు. వ్యక్తిగా కూడా అడగవచ్చు. అయితే చేత్తో పట్టుకునే వస్తువు ఉండాలి, ఒట్టి యాప్ అయితే కుదరదు. అదే విభాగం వారి నిధి ఈఐఆర్ కింద ఉద్యోగం మానేసి, లేదా చదువు అవగానే సొంత పనిలో దిగేవారికి నెలకు 30 వేల వరకు ఏడాదిపాటు ఇస్తారు. ఇంట్లో అమ్మానాన్నలకు సమాధానం చెప్పుకోవడానికి ఆ నెల డబ్బు ఎంత ఆసరాగా ఉంటుందో అది అందుకున్నవాళ్లను అడగండి. మందులు, టీకాలు, వైద్య పరికరాలు, వ్యవసాయ జీవసాంకేతికం లాంటివి అయితే జీవసాంకేతిక రంగానికి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంట్ చూడండి. 50 లక్షల వరకు, 18 నెలల పనికి. దానికి ఏడాదికి రెండుసార్లు, జనవరి 1న, జులై 1న దరఖాస్తులు తెరుస్తారు. వ్యవసాయ స్టార్టప్‌లకు రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఐడియా దశలో 5 లక్షల వరకు, సీడ్ దశలో 25 లక్షల వరకు గ్రాంట్ ఉంది.

కంపెనీ ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ లెక్క ఇది. 2021 ఏప్రిల్‌లో మొదలైంది, నాలుగేళ్లకు 945 కోట్లు కేటాయించారు. ఆ నాలుగేళ్లు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు పోర్టల్‌లో చూసుకోండి. ప్రోటోటైప్, ట్రయల్స్ లాంటివాటికి 20 లక్షల వరకు గ్రాంట్, మార్కెట్‌లోకి దిగడానికి, పెంచుకోవడానికి 50 లక్షల వరకు అప్పు రూపంలో గానీ కన్వర్టిబుల్ డిబెంచర్ల (తర్వాత కంపెనీ వాటాలుగా మార్చుకోగల అప్పు పత్రాలు) రూపంలో గానీ. దరఖాస్తు చేసే రోజుకు కంపెనీ పుట్టి రెండేళ్లు దాటకూడదు. మమ్మల్ని దెబ్బతీసింది ఈ వాక్యమే కాబట్టి మళ్లీ చెబుతున్నాను: మీరు ఎప్పుడు పని మొదలుపెట్టారని ఎవరూ చూడరు, సర్టిఫికెట్ మీద తేదీ నుంచే గడియారం తిరుగుతుంది.

అందుకే ఒక పరికరం బయట నెలపాటు పనిచేసి, కనీసం ఇద్దరు ముగ్గురు వాడేవాళ్లు దొరికాకే కంపెనీ పెట్టండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే సర్టిఫికెట్ బయటికి తీయండి, రెండేళ్లు ఎప్పటికి నిండుతాయో క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి, దానికి ఆరు నెలల ముందు ఇంకో గుర్తు పెట్టండి. మీ అసలు గడువు ఆ రెండో గుర్తే.

సొంత పేరు మీద ప్రొప్రైటర్‌షిప్ పనికిరాదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం), రిజిస్టర్ అయిన భాగస్వామ్య సంస్థ, వీటిలో ఒకటి ఉండాలి. గ్రాంట్ తర్వాత డిబెంచర్ల దాకా, బయటి పెట్టుబడి దాకా వెళ్లాలనుకుంటే ప్రైవేట్ లిమిటెడ్ మేలు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎమ్‌సీఏ) పోర్టల్‌లో స్పైస్ ప్లస్ ఫారం నింపాలి. అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ విలువ) 15 లక్షల లోపు ఉంటే శాఖ ఫీజు ఉండదు, స్టాంప్ డ్యూటీ వేరేగా ఉంటుంది. భారతీయ వ్యవస్థాపకుల వాటా కనీసం 51 శాతం ఉండాలి. మనలో చాలామందికి ఇది ఇబ్బంది కాదు కానీ, విదేశాల్లో ఉన్న బంధువు డబ్బు పెట్టి పెద్ద వాటా అడుగుతుంటే ఇప్పుడే ఆలోచించుకోండి.

వాటాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఒకే బెంచీ మీద చదువుకున్న స్నేహితులమని చెరి సగం రాసుకుంటారు. ఏడాదికి ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. వాటా అలాగే ఉండిపోతుంది, పని మొత్తం రెండో వాడి మీద పడుతుంది. మధ్యలో వెళ్లిపోతే వాటా ఏమవుతుందో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. తర్వాత స్నేహమే పోవడం కంటే ఇది నయం.

కంపెనీ పెట్టాక ఊరుకోకూడదు. మొదటి ఆడిటర్‌ను నెలలోపు నియమించాలి. 180 రోజుల్లో వ్యాపారం మొదలుపెట్టినట్టు ఐఎన్‌సీ 20ఏ ఫారం వేయాలి. ఏటా లెక్కల ఫారం, వార్షిక రిటర్న్ ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు ఫీజు పడుతుంది. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా పడుతుంది. తొందరపడి కంపెనీ పెట్టవద్దని అనడానికి ఇది ఇంకో కారణం.

తర్వాత డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం) గుర్తింపు. ఇది స్టార్టప్ ఇండియా పోర్టల్ ద్వారా ఉచితంగా వస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, ఇది ఎందుకు అంటారు కొందరు. రెండూ వేరు. ఉద్యమ్ మీరు చిన్న పరిశ్రమ అని చెబుతుంది, డీపీఐఐటీ మీరు కొత్త పని చేస్తున్న స్టార్టప్ అని చెబుతుంది. సీడ్ ఫండ్‌కి రెండోది తప్పనిసరి. అక్కడ మీ పనిలో కొత్తదనం ఏమిటో రాయమంటారు. "వినూత్నమైన, అత్యాధునికమైన" లాంటి మాటలు వదిలేయండి. ఇప్పుడు జనం ఏం చేస్తున్నారు, అందులో ఎక్కడ తేడా వస్తోంది, మీది ఎలా చేస్తుంది, అంతే రాయండి.

పేటెంట్: ప్రదర్శనకు ముందే

మీ పద్ధతిలో నిజంగా కొత్తది ఉంటే, కాలేజీ ఫెస్ట్‌లో చూపించకముందే, వీడియో పెట్టకముందే పేటెంట్‌కి ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. ఒకసారి బయట పెట్టేశాక కొత్తదనం పోయిందంటారు. ప్రొవిజనల్ వేశాక పూర్తి దరఖాస్తుకు 12 నెలల సమయం ఉంటుంది. మనకు చెన్నై పేటెంట్ కార్యాలయం వర్తిస్తుంది, వెళ్లనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో వేయవచ్చు. స్టార్టప్‌లకు ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకైతే 8,000. స్టార్టప్‌ల కోసం ప్రభుత్వం ఎంపిక చేసిన, పేటెంట్ పనిలో సాయం చేసే ఫెసిలిటేటర్లు ఉంటారు, వాళ్ల ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో చేసిన పని అయితే కాలేజీ నిబంధనల్లో హక్కు ఎవరిదని ఉందో ముందే చదవండి.

ఇంక్యుబేటర్‌ను ఎంచుకోవడం

సీడ్ ఫండ్ డబ్బు ఢిల్లీ నుంచి నేరుగా మీ ఖాతాలో పడదు. ప్రభుత్వం ఇంక్యుబేటర్లకు, అంటే కొత్త కంపెనీలకు చోటు, ల్యాబ్, సలహా ఇచ్చి నిలబెట్టే సంస్థలకు ఇస్తుంది, ఒక్కో దానికి 5 కోట్ల వరకు. వాళ్ల కమిటీ మిమ్మల్ని ఎంపిక చేసి విడతలుగా ఇస్తుంది. ఒకే దరఖాస్తులో మూడు ఇంక్యుబేటర్లను మీకు నచ్చిన వరుసలో పెట్టుకోవచ్చు. దేశంలో ఎక్కడిదైనా ఫరవాలేదు.

కాబట్టి ఫారం తెరవగానే చేయాల్సిన పని, పోర్టల్‌లో ఏ ఇంక్యుబేటర్ ఈ రోజు దరఖాస్తులు తీసుకుంటోందో, ఏ రంగానికి తీసుకుంటోందో చూడటం. కేటాయించిన డబ్బు పంచేసిన ఇంక్యుబేటర్‌ను మొదటి పేరుగా పెడితే ఒక అవకాశం వృథా అయినట్టే. సాధారణంగా మనవాళ్లు పేరు చూసి పెడతారు, పేరున్న ఐఐటీ ఉంటే చాలనుకుంటారు. ఆ ఇంక్యుబేటర్ ఇంతకుముందు ఎలాంటి కంపెనీలకు ఇచ్చిందో చూడండి. మీ రంగంలో ఒక్కటీ లేకపోతే మీ పరికరాన్ని పరీక్షించే మనిషి కూడా అక్కడ ఉండకపోవచ్చు.

మన దగ్గర ఏమున్నాయో కూడా చూసుకోండి. దూరం వెళ్లకముందే వీటి గడప తొక్కడం మంచిది. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతిలో నవావిష్కార్ ఐ హబ్ ఫౌండేషన్ ఉంది. దేశవ్యాప్తంగా పెట్టిన 25 టెక్నాలజీ హబ్‌లలో అది ఒకటి, దాని అంశం పొజిషనింగ్, ప్రెసిషన్ టెక్నాలజీలు. డ్రోన్లు, దారి చూపే పరికరాలు, కచ్చితమైన కొలతలతో చేసే వ్యవసాయం లాంటి పనుల్లో ఉన్నవాళ్లు ముందు అక్కడ అడగండి. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్ ఉంది. ఆడపిల్లలు చిత్తూరు నుంచో పుత్తూరు నుంచో పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరంలో ఉందంటే దాని విలువ చిన్నది కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించింది, దాని అనుబంధ కేంద్రాల్లో తిరుపతి ఒకటి.

ఇక్కడికి వెళ్లినప్పుడు "డబ్బు ఇస్తారా?" అన్నది మొదటి ప్రశ్నగా వేయకండి. "ఈ పరికరం మీ ల్యాబ్‌లో పరీక్షించుకోవచ్చా, ఎవరైనా చూసి తప్పులు చెబుతారా?" అని అడగండి. మూడు నెలలు మిమ్మల్ని చూసినవాళ్లు రాసే మాటకు కమిటీ దగ్గర వేరే బరువు ఉంటుంది.

ఇంకో లెక్క. కేంద్రం నుంచి గానీ రాష్ట్రం నుంచి గానీ వేరే పథకం కింద 10 లక్షలకు మించి డబ్బు అంది ఉంటే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ రాదు. పోటీల్లో గెలిచిన బహుమతి, నెలనెలా ఇచ్చే భృతి, ల్యాబ్ వాడకం, చౌకగా ఇచ్చిన ఆఫీసు చోటు ఇందులోకి రావు. ప్రయాస్‌లో పూర్తి 10 లక్షలు తీసుకున్నవాళ్లు సరిగ్గా అంచు మీద ఉన్నారన్నమాట. దాని మీద ఇంకో చిన్న గ్రాంట్ తీసుకునే ముందు ఆగి లెక్క చూసుకోండి. లక్ష రూపాయల కోసం 20 లక్షలు పోగొట్టుకోవద్దు.

దరఖాస్తులో ఖర్చుల పట్టిక

ఐడియా గురించి నాలుగు పేజీలు రాసి, ఖర్చుల దగ్గర నాలుగు లైన్లు కొట్టేస్తారు. "పరిశోధన 8 లక్షలు, మార్కెటింగ్ 5 లక్షలు, ఇతరాలు 7 లక్షలు." చూసేవాళ్లకు దీంట్లో కనిపించేది ఒకటే, ఇచ్చేది 20 లక్షలు కాబట్టి 20 అడిగారు అని.

మా పాలకేంద్రాల పరికరం లాంటి దానికి నేనైతే ఇప్పుడు ఇలా రాస్తాను. ఒక్కోటి 9,000 చొప్పున 25 పరికరాలకు 2 లక్షల 25 వేలు. ఒక ఇంజనీరుకు నెలకు 25,000 చొప్పున ఏడాదికి 3 లక్షలు. ల్యాబ్ పరీక్షలకు లక్షన్నర. ట్రయల్‌లో తేలిన తప్పులు దిద్ది రెండోసారి బోర్డులు, పెట్టెలు చేయించడానికి లక్షన్నర. పల్లెలకు తిరుగుడు, సిమ్ రీచార్జీలు, ఏడాదికి 75 వేలు. మొత్తం 9 లక్షలు. అడిగేది తొమ్మిదే కానీ ప్రతి రూపాయికీ వెనక ఒక కోటేషన్ ఉంటుంది. "రెండోసారి బోర్డులు" అన్న లైను మాత్రం తప్పకుండా పెట్టండి. మొదటిసారే అన్నీ కుదురుతాయని రాసినవాళ్లను అనుభవం ఉన్న ఎవరూ నమ్మరు. భవనాలు, ఫ్యాక్టరీ షెడ్డు లాంటి సౌకర్యాలు కట్టుకోవడానికి ఈ డబ్బు వాడకూడదు, వాటి ఊసు ఎత్తకండి.

పట్టికను మైల్‌స్టోన్లుగా విడగొట్టండి, ఎందుకంటే గ్రాంట్ విడతలుగానే వస్తుంది. చేతిలో చూపించగలిగేదే మైల్‌స్టోన్. "అభివృద్ధి పూర్తి" అని రాస్తే రేపు పూర్తయిందో లేదో మీకూ వాళ్లకూ గొడవ. "10 కేంద్రాల్లో 60 రోజులు పనిచేసిన రికార్డు" అని రాస్తే గొడవకు చోటే లేదు.

కమిటీ ముందు

అవసరం, చేయగలరా లేదా, ప్రభావం, కొత్తదనం, మనుషులు, డబ్బు వాడకం, వీటిని చూసి మార్కులు వేస్తారు. దరఖాస్తు అందిన 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలన్నది నియమం.

ప్రెజెంటేషన్ అంటే టెన్షన్ ఉంటుంది. ఇంగ్లీషు తడబడుతుందని మన కుర్రాళ్లు, అమ్మాయిలు సగం అక్కడే నీరుగారిపోతారు. వస్తువును బల్ల మీద పెట్టి నడిపించి చూపించండి, మాటల అవసరం సగం తగ్గిపోతుంది. మా గ్రాంట్ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మా పెట్టెను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ప్లగ్ పీకేసి అడిగారు: "ఇప్పుడు మీ పరికరమే చచ్చిపోయింది. ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?" ఆ ప్రశ్న మాకు అంతకుముందే పాలకేంద్రంలో ఎదురైంది. పెట్టె ప్రతి పది నిమిషాలకు ఒకసారి బతికే ఉన్నానని సర్వర్‌కు చెబుతుంది, చెప్పడం ఆగిపోతే సర్వరే ఫోన్ చేస్తుంది. నా మిత్రుడు జవాబు చెప్పడం మొదలుపెట్టేలోపే బల్ల మీద నా ఫోన్ మోగింది. ఆయన ప్లగ్ మళ్లీ పెట్టేశారు.

మీ వస్తువుకు కూడా అలాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది. మీకు ఇష్టంలేని ఆ ప్రశ్నను ఇంట్లోనే, నిర్మొహమాటంగా మాట్లాడే ఒక మనిషిని కూర్చోబెట్టి అడిగించుకోండి.

డబ్బు అడిగేవాళ్లు వస్తే

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌కి దరఖాస్తు ఫీజు లేదు. ఎంపికైనవాళ్ల నుంచి ఇంక్యుబేటర్ కూడా ఫీజు తీసుకోకూడదు. "ఢిల్లీలో మాకు తెలిసినవాళ్లు ఉన్నారు, పది శాతం ఇస్తే మంజూరు చేయిస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. తల్లి గాజులు కుదువపెట్టి ఇలాంటివాళ్లకు 40 వేలు కట్టిన కుర్రాడిని నేను చూశాను. దరఖాస్తు రాయడానికి సాయం తీసుకోవడంలో తప్పులేదు, దానికి పని చూసి ఫీజు ఇవ్వండి. మీ పాస్‌వర్డు, ఓటీపీ, సంతకం చేసే డిజిటల్ టోకెన్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

మంజూరైన తర్వాత

గ్రాంట్, అప్పు రెండూ చెరొకసారి అడగవచ్చు. అప్పు తీసుకుంటే వడ్డీ రెపో రేటును (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) మించకూడదు, గడువు గరిష్ఠంగా 60 నెలలు, మొదట 12 నెలల దాకా వాయిదాలు కట్టకుండా వెసులుబాటు ఉంటుంది, వ్యవస్థాపకుల సొంత హామీ అడగరు. ఇల్లు, పొలం తాకట్టు పెట్టకుండా ఈ వడ్డీకి డబ్బు దొరకడం కష్టం. అయినా అప్పు అప్పే. కొనేవాళ్లు దొరికారని తేలాకే దాని జోలికి వెళ్లండి.

ఒప్పంద పత్రం చేతికి రాగానే సీఏతో కలిసి చదవండి. ఇంక్యుబేటర్ వాటా ఏమైనా అడుగుతోందా, మైల్‌స్టోన్ ఆలస్యమైతే ఏం చేస్తారు, పనిముట్లు ఎవరివి అన్న మూడింటికీ జవాబు అందులో కనిపించాలి. గ్రాంట్ కోసం కంపెనీ పేరు మీద వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఇంటి అవసరానికి ఒక్కసారి అందులోంచి పదివేలు తీసి తర్వాత వేసేసినా, వినియోగ ధ్రువపత్రం మీద సంతకం చేయాల్సిన సీఏ దగ్గర ఆ రెండు ఎంట్రీలూ అలాగే ఉంటాయి.

బిల్లులు కంపెనీ పేరు మీదే తీసుకోండి. షాపువాడు చిట్టీ మీద రాసిస్తానంటే ఒప్పుకోకండి, పక్క షాపులో ఇరవై రూపాయలు ఎక్కువైనా సరైన ఇన్‌వాయిస్ ఇచ్చేవాడి దగ్గరే కొనండి. ప్రతి బిల్లు వెనక అది ఏ మైల్‌స్టోన్ కింద కొన్నదో పెన్సిల్‌తో రాసి, ఫొటో తీసి, నెలవారీ ఫోల్డర్‌లో పెట్టండి. రెండో విడత అడిగే లేఖతోపాటు ఆ ఫోల్డర్, పరికరాల రికార్డు, వాడుతున్నవాళ్ల సంతకాలు జతచేసి, మైల్‌స్టోన్ పూర్తయిన వారంలోనే పంపండి.